సగం గాలి

నాలుగో అంతస్తులో మా కుళాయి
రోజు విడిచి రోజు
ఉదయం ఆరింటికి దగ్గుతుంది.
ముందు గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాత నీళ్లు.
ఈ దగ్గు ఎక్కడ మొదలవుతుందో చూద్దామని
ఒక ఆదివారం, ఇంకా చీకటుండగానే,
బిందెలు పట్టే పని మా ఆయనకి అప్పగించి
సైకిలు దించాను.

లావు టైర్లు, వంపు హ్యాండిలు,
ముగ్గురి చేతులు మారిన గ్రావెల్ సైకిలు.
కొన్నరోజు మెట్ల మీద మోస్తుంటే వాచ్‌మన్ సన్యాసి
"గేదెకొమ్ముల సైకిలా మేడమ్" అన్నాడు.
అప్పట్నించీ దాని పేరు గేదే.

ఎన్.ఏ.డి. దాటి, గోపాలపట్నం దాటి,
టీ గ్లాసుల చప్పుడు దాటి
నరవ దగ్గర తారు అయిపోయింది.
అయిపోయిన చోట ఎవరూ బోర్డు పెట్టరు.
ముందు ముంజేతులకి తెలుస్తుంది,
ఆ తర్వాత పళ్లకి.

కుడివైపు కాలువ.
నేనిటు వెళ్తుంటే నీళ్లు అటు, ఊరివైపు,
నేను వదిలేసి వచ్చిన బిందెల వైపు,
తొందరేమీ లేకుండా.
ఎడమవైపు క్వారీ సగం తినేసిన కొండ,
కొరికి పారేసిన ఎర్రజామకాయలా
లోపలిదంతా బయటపెట్టుకుని.
నా టైర్ల కింద నలుగుతున్నది
ఆ తినేసిన సగమే.

మూడో తూము దగ్గర జారాను.
పడలేదు, పడినంత పనయింది.
గట్టు మీద ఒకాయన చద్దన్నం తింటున్నాడు.
పక్కన పాత హెర్క్యులిస్, కొక్కెం కర్ర,
నీటి మట్టం రాసుకునే నోటు పుస్తకం.
లస్కరు దాలినాయుడు.
ముప్పయ్యొక్కేళ్లుగా ఇదే గట్టు మీద
రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు,
గండి పడిందా, గుర్రపుడెక్క అడ్డం పడిందా,
రాత్రి ఎవరు మోటారు దించారు, చూసుకుంటూ.

"ఏటమ్మా, పోటీయా?"
కాదన్నాను.
"మరెందుకా పరుగు?"
దానికి నా దగ్గర జవాబు లేదు.
చెయ్యి కడుక్కుని వచ్చి
నా ముందు టైరుని
పుచ్చకాయ బేరమాడినట్టు నొక్కి చూశాడు.
"గాలి నిండా కొట్టీసినావు.
గట్టిగుంటే రాయి నిన్ను ఇసిరేస్తాది.
సగం తీసీ.
రాయిక్కూడా కొంచెం చోటివ్వాల."
బొటనవేలి గోటితో వాల్వు నొక్కాడు.
ఆ శబ్దం నాకు తెలుసు.
ఆరింటికి మా వంటింట్లో వినిపించేది అదే.

ఆ పైన గేదె నిజంగా గేదెలాగే నడిచింది,
మెత్తగా, తలాడిస్తూ.
భుజాలు చెవుల దగ్గర్నించి దిగొచ్చాయి.
జీడితోటల్లో పొగ. ఎవరిదో కోడి.
కొండ మలుపులో ఊపిరందక
దిగి నెట్టాను, సిగ్గేమీ లేదు.

పైనుంచి మేఘాద్రి గెడ్డ.
సింహాచలం కొండలు అందులో తలకిందులుగా.
కొలరాయి మీద నీటికాకి ఒకటి
రెక్కలు ఆరేసుకుంటోంది,
దాని కింద ఎనిమిది తెల్లగీతలు పొడిగా.
ఫోను మోగింది. మా ఆయన.
"దగ్గింది. దగ్గి ఊరుకుంది. రెండు బిందెలే."
ఇంత నీరు ఎదురుగా పెట్టుకుని
ఏం చెప్పాలో తోచలేదు.
"వస్తున్నా" అన్నాను,
నేనే తెస్తున్నట్టు.

తిరుగుదారిలో, రెండో తూము దగ్గర,
దాలినాయుడు మొలలోతు నీళ్లలో ఉన్నాడు.
గుర్రపుడెక్క, సీసాలు, ఒక నీలం చెప్పు,
ఎవరో దిష్టి తీసిన గుమ్మడికాయ,
అన్నీ కలిసి అడ్డంగా కూర్చున్నాయి.
బూట్లు విప్పి నేనూ దిగాను.
గోళ్ల నిండా బురద, వేర్లు.
ఇద్దరం మాట్లాడుకోలేదు.
లాగగా లాగగా
మోపంతా ఒక్కసారే కదిలింది.
నీళ్లు నా మోకాళ్లని తోసుకుంటూ
ఊరికి బయల్దేరాయి.

గట్టెక్కి, చేతులు లుంగీకి తుడుచుకుని
నోటు పుస్తకం తీశాడు.
"నీ బండికేటైనా పేరుందా?"
చెప్పాను.
నవ్వలేదు. గుండ్రటి అక్షరాలతో రాశాడు:

"ఎనిమిదీ పది. రెండో తూము.
గుర్రపుడెక్క తీయబడినది.
మనుషులు ఇద్దరు. గేదె ఒకటి."